'అయిపోయింది సార్' అన్న తర్వాత

(ఐటీ ఆపరేషన్స్‌లో పనిచేసేవాళ్ల కోసం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. రానివాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికొచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సంతోషం. ఇవాళ నేను మాట్లాడేది ముఖ్యంగా మీ గురించే.

రాత్రి రెండు గంటలకు ఫోన్ వస్తుంది. అవతలి నుంచి ఒకటే మాట. "అయిపోయింది సార్." మీరు టికెట్ తెరుస్తారు, అదే, ఆ పని నమోదైన రికార్డు. స్టేటస్ మారుస్తారు, క్లోజ్ చేస్తారు, టీ తాగడానికి కిందికి దిగుతారు. అవునా కాదా? నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఆ ఫోన్‌కీ ఆ టీకీ మధ్య ఏం జరగాలి? అంటే, సిస్టమ్‌లో చేసిన మార్పు సరిగ్గా జరిగిందో లేదో ఎలా తేల్చుకోవాలి? ఇవాళ్టి విషయం అదే.

ఒక సంగతి చెప్తాను. కస్టమర్ పేరు చెప్పను, పేరుతో మనకు పని లేదు. ఊరి బయట వాళ్లకో పెద్ద గోడౌన్ ఉంది. అక్కడ బార్‌కోడ్ స్కానర్లకు కొత్త వీలాన్, అంటే ఒకే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్, పెట్టాలని చేంజ్ వచ్చింది, అంటే మార్పు చేయమని అడిగారు. చిన్న పని. నెట్‌వర్క్ తీగలు కలిసే స్విచ్‌లో 40వ నంబరు వీలాన్, అదే వీలాన్ నలభై, తయారు చేయాలి, ఆరు పోర్టులు అందులోకి మార్చాలి. అంతే. శనివారం అర్ధరాత్రి దాటాక మా కుర్రాడు చేశాడు. చురుకైనవాడు, పని తెలిసినవాడు. చేసి, పింగ్ కొట్టాడు, స్కానర్లు పలికాయి. నాకు ఫోన్ చేశాడు. అయిపోయింది సార్ అన్నాడు. టికెట్‌లో 'వెరిఫై చేశారా' అనే గడి ఉంటుంది కదా, అందులో 'అవును' అని పెట్టింది ఆ కుర్రాడే. ఆ 'అవును'ను ఒప్పుకుని క్లోజ్ చేసింది నేను. అప్పుడు షిఫ్ట్ లీడ్‌ని నేనే.

ఐదు నెలలు గడిచాయి. స్కానర్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. ఒకరోజు గోడౌన్‌లో యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి కరెంటు తీశారు. పావుగంట తర్వాత మళ్లీ ఇచ్చారు. స్విచ్ లేచింది. స్కానర్లు లేవలేదు.

బయట లారీలు వరస కట్టాయి. లోపల హమాలీలు పెట్టెల మీద కూర్చున్నారు. మా షిఫ్ట్‌లో ఉన్నది కొత్త అమ్మాయి. అప్పుడు పని చేసిన కుర్రాడు ఉద్యోగం మారిపోయాడు. ఆ అమ్మాయి పాత టికెట్ తీసి చూసింది, 'పూర్తయింది, వెరిఫై అయింది' అని ఉంది. సీఎండీబీ, అంటే ఏ డివైస్‌లో ఏముందో మనం రాసిపెట్టుకునే రికార్డు, చూసింది, అందులో వీలాన్ నలభై ఉంది. స్విచ్‌లోకే వెళ్లి చూసింది, వీలాన్ నలభై అక్కడా ఉంది! ఇంకేం అనుమానిస్తుంది? సర్వర్ వాళ్లను లేపారు, వైఫై వాళ్లను లేపారు, స్కానర్ల కంపెనీకి ఫోన్ చేశారు. మూడు గంటలు.

తప్పు ఎక్కడుందో మీలో కొందరికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ల కోసం విడమర్చి చెప్తాను. ఇలాంటి స్విచ్‌లో కాన్ఫిగరేషన్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ఇప్పుడు నడుస్తున్నది, రన్నింగ్ కాన్ఫిగ్. అది మెమరీలో ఉంటుంది, కరెంటు పోతే పోతుంది. రెండోది స్టార్టప్ కాన్ఫిగ్, మళ్లీ లేచినప్పుడు చదువుకునేది. మార్పు చేశాక మొదటిదాన్ని రెండోదానిలోకి కాపీ చేయాలి. ఆ ఒక్క కమాండ్ ఆ రాత్రి కొట్టలేదు. అయితే వీలాన్ ఎందుకు కనిపించింది? ఎందుకంటే ఆ రకం స్విచ్‌లో వీలాన్‌ల జాబితా వేరే ఫైల్లో ఉంటుంది, అది దానంతటదే ఫ్లాష్‌లో సేవ్ అయిపోతుంది. పోర్టులు ఏ వీలాన్‌లో ఉన్నాయన్నది మాత్రం సేవ్ చేస్తేనే నిలుస్తుంది. వీలాన్ ఉంది, పోర్టులు పాత చోటికి వెళ్లిపోయాయి. సగం మార్పు మిగిలింది, సగం పోయింది. మొత్తం పోయి ఉంటే పది నిమిషాల్లో దొరికేది.

ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తను చేయని తప్పుకి అందరి చేతా మాటలు పడింది. నేను పెట్టిన ఒక్క సంతకానికి.

ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మార్పు చేయడం ఇల్లు అలకడం. మనం అక్కడే పండగ చేసేసుకుంటున్నాం.

కుర్రాడి తప్పేనా? సేవ్ చేయకపోవడం వాడి తప్పే. కానీ 'వెరిఫై' అంటే ఏం చూడాలో మేం ఎక్కడైనా రాశామా? రాయలేదు. గడి పెట్టాం, గడిలో ఏం పెట్టాలో చెప్పాం. ఏం చూస్తే అది 'అవును' అవుతుందో, ఎవరు చూడాలో, ఎప్పుడు చూడాలో చెప్పలేదు. దాన్ని పాలసీ అంటామా? అది ఖాళీ గడి.

వెరిఫికేషన్ పాలసీ రాయాలనుకున్నప్పుడు నేను రెండే ప్రశ్నలు పట్టుకుంటాను. అడిగింది జరిగిందా? అడగనిది జరిగిందా? మళ్లీ చెప్తున్నాను, రాసుకోండి. అడిగింది జరిగిందా, అడగనిది జరిగిందా. పింగ్ కొట్టి చూడటం మొదటి ప్రశ్నలో సగానికే జవాబు. రెండో ప్రశ్న మనలో ఎక్కువమంది అడగనే అడగరు.

ఎనిమిదో సర్వర్

అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్తాను. ఇది వాళ్ల మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ విచారించి, ఉత్తర్వుల్లో రాసి పెట్టిన విషయం. నైట్ క్యాపిటల్ అని పెద్ద బ్రోకరేజీ సంస్థ. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజీలో ఒక కొత్త పథకం మొదలవుతోంది. దానికోసం వీళ్లు తమ ఆర్డర్లు పంపే సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాలి. సర్వర్లు ఎనిమిది. ఎన్నింటిలో పెట్టారు? ఏడింటిలో. ఎనిమిదోది మర్చిపోయారు.

ఆ ఎనిమిదో సర్వర్లో ఒక పాత కోడ్ పడి ఉంది. 2003 నుంచే దాన్ని వాడటం మానేశారు. వాడటం మానేశారు కానీ తీసేయలేదు. ఆ పాత కోడ్‌ను నిద్ర లేపే ఫ్లాగ్ ఒకటి ఉండేది. కొత్త కోడ్‌కి కూడా అదే ఫ్లాగ్‌ను మళ్లీ వాడుకున్నారు. ఏడు సర్వర్లలో ఆ ఫ్లాగ్ కొత్త పని చేసింది. ఎనిమిదో దాంట్లో తొమ్మిదేళ్ల కిందటి పనిని లేపింది. ఆర్డర్ నిండిందా లేదా అని చూసుకోకుండా అది ఆర్డర్లు పంపుతూనే ఉంది, పంపుతూనే ఉంది.

వచ్చినవి 212 చిన్న ఆర్డర్లు. నలభై ఐదు నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో నలభై లక్షల లావాదేవీలు జరిగిపోయాయి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాట. అంతపెద్ద సంస్థ ఏడాది తిరిగేసరికి వేరే సంస్థలో కలిసిపోయింది. పైన 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా.

ఇందులో నన్ను కుదిపేసిన విషయాలు రెండున్నాయి. మార్కెట్ తెరవకముందే ఆ సిస్టమ్ 97 ఈమెయిళ్లు పంపింది. ఆ పాత కోడ్ పేరు కూడా వాటిలో ఉంది. అవి అలర్టులుగా చూడాల్సిన మెయిళ్లని ఎవరికీ చెప్పి లేదు కాబట్టి ఎవరూ చూడలేదు. రెండోది, గొడవ మొదలయ్యాక కంగారులో వీళ్లేం చేశారో తెలుసా? కొత్త కోడే కొంప ముంచిందనుకుని, సరిగ్గా ఉన్న ఆ ఏడు సర్వర్లలోంచి దాన్ని తీసేశారు. అంటే ఒక సర్వర్లో ఉన్న రోగాన్ని ఎనిమిదింటికీ అంటించారు. ఏ సర్వర్లో ఏముందో ఖాయంగా తెలియనప్పుడు రోల్‌బ్యాక్, అంటే మార్పును వెనక్కి తిప్పడం కూడా ప్రమాదమే. ఈ ముక్క దయచేసి మర్చిపోకండి.

మరి ఎస్‌ఈసీ ఏం తప్పు పట్టింది? ఒకరు పెట్టిన కోడ్‌ను రెండో మనిషి చూడాలని రాతపూర్వకమైన పద్ధతి ఆ సంస్థలో లేదు అని. ఎనిమిది సర్వర్లలో ఫైళ్ల వెర్షన్ పోల్చడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? ఇక్కడ కూర్చున్న ఎవరైనా పది నిమిషాల్లో స్క్రిప్ట్ రాస్తారు.

పాసుపుస్తకం, పొలం

ఇక మన సీఎండీబీ దగ్గరికి వద్దాం. మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. పాసుపుస్తకంలో రెండెకరాలని ఉంటుంది. గట్టు మీదికెళ్లి కొలిస్తే ఎకరం ముప్పై గుంటలు తేలుతుంది. ఏది నిజం? గొడవ వచ్చినప్పుడు పుస్తకం చూపిస్తే సరిపోతుందా? సర్వేయర్ వచ్చి గొలుసు వేయాల్సిందే. సీఎండీబీ పాసుపుస్తకం, డివైస్ పొలం. మా గోడౌన్ విషయంలో మేం టికెట్‌ను సీఎండీబీతో పోల్చుకున్నాం. రెండూ మనం రాసుకున్న కాగితాలే. కాగితాన్ని కాగితంతో పోలిస్తే ఎప్పుడూ సరిపోతుంది.

కాబట్టి పాలసీలో మొదటి మాట ఇది. రుజువు డివైస్ నుంచే రావాలి. మార్పుకు ముందు తీసిన కాన్ఫిగ్, మార్పు తర్వాత తీసిన కాన్ఫిగ్, రెండింటి తేడా. ఆ తేడాను చేంజ్‌లో రాసిన ప్లాన్ పక్కన పెట్టి చూడాలి. ప్లాన్‌లో ఉన్న ప్రతి లైనూ తేడాలో ఉందా? అడిగింది జరిగినట్టు. తేడాలో ఉన్న ప్రతి లైనూ ప్లాన్‌లో ఉందా? అడగనిది జరగనట్టు. గోడౌన్ తర్వాత మేం ఇంకో లైను కలిపాం. రన్నింగ్, స్టార్టప్ రెండూ ఒకటే అని తేలకుండా టికెట్ క్లోజ్ కాకూడదు. టూల్ ఉంటే టూలే ఆపుతుంది, లేకపోతే మనిషి ఆపాలి.

మరి అన్నిటినీ చూడాలా? సరిగ్గా ఇక్కడే చాలా పాలసీలు చచ్చిపోతాయి. ఉత్సాహంగా మొదటిరోజే ప్రతి డివైస్‌లో ప్రతి లైనూ చూస్తామని పెట్టేస్తారు. నేనూ పెట్టాను. పొద్దున లేచేసరికి వందల అలర్టులు. ఏమిటా అని చూస్తే, పాత సిస్కో రౌటర్లలో 'ఎన్‌టీపీ క్లాక్ పీరియడ్' అని ఒక లైను ఉంటుంది. గడియారం సరిచేసుకుంటూ రౌటర్ తనంతట తానే ఆ అంకె మార్చుకుంటుంది. మనిషెవరూ ముట్టుకోలేదు, కానీ కాన్ఫిగ్ మారినట్టే లెక్క. అలాంటివాటిని వదిలేయమని చెప్పకపోతే నాన్నా పులి కథ అవుతుంది. నిజంగా పులి వచ్చిన రోజు ఆ మెయిల్ ఎవరూ తెరవరు. నైట్ క్యాపిటల్ వాళ్ల 97 మెయిళ్లు తలుచుకోండి.

అందుకని తక్కువతో మొదలుపెట్టండి. కోర్ స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు, డబ్బు లెక్కలు నడిచే డేటాబేస్‌లు. వాటిలో కూడా ఏ గుణాలు మారితే మనిషి లేవాలో అవే. ఫైర్‌వాల్ రూలు, రూటింగ్, అడ్మిన్ ఖాతాలు. ఏది చూడం అన్నది కూడా పాలసీలో రాయండి, ఎందుకు చూడమో పక్కనే రాయండి. రేపు మీ చోట్లో వచ్చేవాళ్లకి అది తెలియాలి.

రిస్క్ గురించి ఒక మాట. ఇది మనలో చాలామంది మంచిదనుకుని చేస్తున్న తప్పు. కెనడాలో రోజర్స్ అనే టెలికాం సంస్థ ఉంది. 2022 జూలై 8న వాళ్ల నెట్‌వర్క్ మొత్తం కూలిపోయింది. 1 కోటి 20 లక్షల మందికి పైగా కస్టమర్లు, దాదాపు 26 గంటలు. అత్యవసర నంబరు 911కి ఫోన్ కలవలేదు. దుకాణాల్లో డెబిట్ కార్డులు పనిచేయలేదు. కారణం? ఒక రౌటర్ పాలసీలో యాక్సెస్ కంట్రోల్ లిస్ట్ ఫిల్టర్, అంటే ఏది రానివ్వాలో ఏది ఆపాలో చెప్పే జాబితా, తీసేశారు. ఆ ఫిల్టర్ పోవడంతో రూట్లన్నీ వరదలా కోర్ రౌటర్ల మీద పడ్డాయి, అవి తట్టుకోలేకపోయాయి.

అది ఏడు దశల మార్పు. మొదట దాన్ని 'హై' రిస్క్ అనే పెట్టారు. సరిగ్గానే పెట్టారు. ఒకటో దశ బాగా జరిగింది, రెండోదీ బాగా జరిగింది. ముందు దశలు బాగా జరిగాయి కాబట్టి ఆరో దశకి వచ్చేసరికి వాళ్ల లెక్క ఆ రిస్కును 'లో'కి దించేసింది. 'లో' అయితే ఏమవుతుంది? ల్యాబ్‌లో పరీక్షించడం ఉండదు, పై అధికారుల చూపు పడదు. ఆరో దశలోనే ఆ ఫిల్టర్ తీసింది. నాలుగు బావులు క్షేమంగా దాటాడు కాబట్టి ఐదో బావి లోతు తక్కువ అంటామా?

మీ సంస్థలో ఎన్నిసార్లు సక్సెస్ అయితే 'స్టాండర్డ్ చేంజ్' చేస్తున్నారు? వెళ్లి చూడండి. స్టాండర్డ్ చేంజ్ అంటే ముందే అప్రూవల్ ఉన్నది, క్యాబ్‌కి, అంటే మార్పులకు అనుమతిచ్చే కమిటీకి, వెళ్లనక్కర్లేనిది. మంచిదే, రోజూ చేసే పనికి మీటింగులు దండగ. కానీ ప్రతిసారీ అదే పని, అదే రకం డివైస్ మీద అయినప్పుడే ఆ పేరు పెట్టాలి. నిన్నటి పని బాగా జరిగిందని ఇవాళ వేరే పనికి పెట్టకూడదు. అప్రూవల్ ముందే ఇచ్చేయొచ్చు, వెరిఫికేషన్ మాత్రం ముందే ఇచ్చేయలేం. పని జరిగాక చూడాల్సిందాన్ని జరగకముందే ఎలా చూస్తాం?

2024 జూలై 19 మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. శుక్రవారం. మన టైము ప్రకారం పొద్దున తొమ్మిదీ నలభైకి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక ఫైలు పంపింది. గంటకు పైగా గడిచాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆలోపు దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర చూపించాయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వాళ్ల దగ్గర వెరిఫికేషన్ లేదా? ఉంది. ఫైలును పరీక్షించే వ్యాలిడేటర్ ఉంది. ఆ వ్యాలిడేటర్లోనే లోపం ఉంది. 2021లో ఫేస్‌బుక్ ఆరేడు గంటలు మూగబోయినప్పుడూ అంతే. తప్పు కమాండ్‌ను ఆపాల్సిన ఆడిట్ టూల్లో బగ్ ఉండి ఆపలేకపోయింది. కంచె వేశాం కదా అని నిద్రపోతే కాదు, అప్పుడప్పుడు కంచె కూడా చూసుకోవాలి. మేం నెలకోసారి టెస్ట్ స్విచ్‌లో కావాలనే ఒక తప్పు మార్పు చేస్తాం, ఎవరికీ చెప్పకుండా. టూల్ పట్టుకుందా, ఎంతసేపట్లో, మెయిల్ ఎవరికి వెళ్లింది? ఒకసారి ఉద్యోగం మానేసినవాళ్ల ఖాతాకి వెళ్లింది.

ఎమర్జెన్సీ చేంజ్ సంగతి చిన్నగా చెప్పి వదిలేస్తాను. ఇల్లు కాలుతుంటే ఫారం నింపమని ఎవరూ అనరు. ముందు ఆర్పండి. కానీ మర్నాడు సాయంత్రంలోపు అదే తేడా తీయాలి, అదే రెండో మనిషి చూడాలి. ఎమర్జెన్సీలో పెట్టిన తాత్కాలిక రూళ్లే ఏళ్లకేళ్లు ఉండిపోతాయి, మీకు తెలియంది కాదు.

రెండో మనిషి అన్నాను. నైట్ షిఫ్ట్‌లో ఉండేదే ఇద్దరు, అందులో ఒకరు వెండర్ మనిషి, ఎక్కడి నుంచి తేవాలి సార్ అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రే చూడాలని లేదు. తేడా ఫైలు టికెట్‌కి పెట్టి, టికెట్‌ను 'చేశాం, చూడాలి' అనే స్థితిలో ఉంచండి. పొద్దున షిఫ్ట్‌లో వచ్చినవాళ్లు చూసి మూస్తారు. చేసినవాళ్లు మూయకూడదు, అంతే. పెద్ద మార్పైతే ఒక పనిరోజు మొత్తం గడిచాక ఇంకోసారి చూడాలి. ఆదివారం రాత్రి అంతా బాగానే కనిపిస్తుంది, సోమవారం పదకొండింటికి కదా అసలు లోడు వచ్చేది.

తేడా దొరికితే ఏం చేయాలి? టూల్‌తో వెంటనే వెనక్కి తిప్పేయిద్దామని కొందరంటారు. నేను ఒప్పుకోను. నైట్ క్యాపిటల్ అదే కదా చేసింది. టికెట్ లేని మార్పు కనిపిస్తే ముందు ఫోన్ చేయండి. "ఇది మీరు చేసిందా? దేనికోసం?" అని అడగండి. గొంతు పెంచకుండా అడగండి. పట్టుబడితే తిట్లు పడతాయని తెలిసిన చోట ఎవరూ నిజం చెప్పరు, ఇంకా తెలివిగా దాచడం నేర్చుకుంటారు.

ఆ మూల నుంచి ఒకరు అడుగుతున్నారు, మాది చిన్న కంపెనీ, టూల్ కొనే బడ్జెట్ లేదు అని. మీకు పెద్ద టూల్ అక్కర్లేదు. రాన్సిడ్ ఉంది, ఆక్సిడైజ్డ్ ఉంది, రెండూ ఉచితమే. నెట్‌వర్క్ డివైస్‌ల కాన్ఫిగ్ అవే తెచ్చుకుని దాచిపెడతాయి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. ఆ మెయిల్ వారానికొకరు చదవాలి, పేరు పెట్టి అప్పగించండి. అందరికీ పంపితే ఎవరూ చదవరు. ప్రతి తేడా పక్కన టికెట్ నంబరు రాయాలి. నంబరు దొరకని లైను ఉంటే ఫోన్. మొదలుపెట్టడానికి ఇంతకన్నా ఏమీ వద్దు.

ఆ గోడౌన్ కస్టమర్ దగ్గర మేం ఇలాగే మొదలుపెట్టాం. మెయిల్ చదివే పని మొదట అడిగి తీసుకున్నది ఆ అమ్మాయే. రెండో వారంలో ఫైర్‌వాల్‌లో నంబరు లేని లైను ఒకటి దొరికింది. ఎక్కడి నుంచైనా ఎక్కడికైనా వదిలేయమని రూలు, పక్కన 'టెంపరరీ' అని రాసి ఉంది. వెండర్ ఇంజనీర్‌కి ఫోన్ చేసింది. పెద్దాయన. రెండు క్షణాలు ఆగి, "నేనే పెట్టానమ్మా, ఆ రాత్రి ఏదీ పనిచేయక పెట్టి మర్చిపోయాను, తీసేస్తాను" అన్నాడు. తీసేశాక మళ్లీ ఆయనే ఫోన్ చేశాడు. "అయిపోయిందమ్మా. ముందుదీ తర్వాతదీ రెండూ మెయిల్ చేశాను, సేవ్ కూడా చేశాను. నువ్వు చూసి మూసేయ్."